హాజరు పట్టీలో నీ పేరు

తిప్పన్నా,

ఇవాళ నీ నెల మాసికం. పొద్దున్నుంచి ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

సండూరు గని గేటు దగ్గర కొత్త సూపర్‌వైజరు పాత పట్టీ పట్టుకుని మన కాపలావాళ్ళ హాజరు పిలిచాడు. అందులో నీ పేరూ పిలిచాడు.

నువ్వు పటాలంలో ఉండగా విన్న ముచ్చట గుర్తొచ్చింది. ఫ్రెంచి పదాతి దళం ఒకదానిలో ఎప్పుడో పోయిన సిపాయి పేరును తరతరాలుగా హాజరులో పిలుస్తారనీ, ఒకడు ముందుకొచ్చి "యుద్ధభూమిలో చనిపోయాడు" అని బదులిస్తాడనీ టిఫిను డబ్బా విప్పినప్పుడల్లా చెప్పేవాడివి. "నా పేరుకు నువ్వే పలకాలప్పా" అని నవ్వేవాడివి.

అందుకే నేనే ముందుకొచ్చాను. చనిపోయాడని చెప్పబోతే నోరు రాలేదు.

"రజాలో ఉండాడు సార్" అన్నాను.

"ఎప్పుడొస్తాడప్పా?"

"చెప్పిపోలేదు సార్."

ఆయన తలూపి, నీ పేరు పక్కన సెలవు అని రాసుకున్నాడు. అప్పటినుంచి నాకు కాలు నిలవడం లేదు. సాయంత్రం నిజం చెప్పేద్దామని రెండుసార్లు ఆఫీసు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను.

చెబితే నీ పేరు కొట్టేస్తాడు. చెప్పకపోతే రేపు పొద్దున మళ్ళీ పిలుస్తాడు.