నా పేరు మీద నా తమ్ముడు చేసిన బాకీ

నేను, వీధిలో అందరూ మరకలక్క అని పిలిచే మనిషిని, ఒకప్పుడు డ్రైక్లీనింగ్ షాపు యజమానురాలిని, ఇప్పుడు ఆస్పత్రి లాండ్రీలో ఉద్యోగిని, బుర్ర సరిగ్గా పనిచేస్తూ ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాయించిన వీలునామా ఇది. రాయించేటప్పుడు నాకు కోపం ఉన్నమాట నిజమే. కోపం వేరు, మతి తప్పడం వేరు అని వకీలు కూడా ఒప్పుకున్నాడు. ఇంతకుముందు రాసిన వీలునామా, అందులో నా యావదాస్తీ తమ్ముడికే అన్న మాటతో సహా, ఇందుమూలంగా రద్దు.

1. కారణం. నా తమ్ముడు వచ్చే సోమవారం పెద్ద లాండ్రీ ఒకటి తెరుస్తున్నాడు. కాగితాల మీద యజమాని వాడు కాదు, వాడి కూతురు. అంటే నా మేనకోడలు, నేను పిచ్చుక అని పిలుచుకునే పిల్ల. మొన్న పరుగెత్తుకుంటూ వచ్చి, ఫోన్‌లో బోర్డు ఫొటో చూపించి, "అత్తా, నా పేరే పెట్టారు చూడు! సోమవారం సంతకం పెడితే చాలట, మిగతాదంతా నాన్న చూసుకుంటాడట" అంది. సరిగ్గా ఆ మాటలే ఒకప్పుడు వాడు నాతోనూ అన్నాడు.

2. బాకీ సంగతి. షాపు నా స్వార్జితం, లెక్కలు తమ్ముడివి. నెలనెలా పన్ను కట్టమని డబ్బు వాడి చేతిలో పెట్టేదాన్ని. "కట్టేశానక్కా, నువ్వు నిశ్చింతగా ఉండు" అనేవాడు. నిశ్చింతగానే ఉన్నాను, నా మొహం! పన్నుల శాఖ నుంచి నా పేరున వచ్చే నోటీసుల్ని గుమ్మంలోనే అందుకుని కోటు జేబులో కుక్కుకునేవాడు. ఆ కోటు ఉతకడానికి మళ్లీ నా దగ్గరికే వచ్చేది. మా పనిలో ఒక నియమం ఉంది. బట్ట మెషిన్‌లో వేసేముందు జేబులు తడమాలి, దొరికినదాన్ని విప్పి చూడకూడదు, కవర్లో పెట్టి బట్టతోపాటు తిరిగి ఇచ్చేయాలి. ప్రేమలేఖైనా సరే, నోట్ల కట్టైనా సరే. నా షాపులో చేరిన ప్రతి మనిషికీ మొదటిరోజు చెప్పిన పాఠం అది. నా నోటీసుల్ని నేనే మడత విప్పకుండా కవర్లో పెట్టి వాడి చేతికిచ్చాను, ఒకసారి కాదు, కోటు వచ్చినప్పుడల్లా. వాడు "థాంక్సక్కా" అని తీసుకునేవాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేనెంత?

3. ఇస్త్రీ మేస్త్రీకి జీతం ఇవ్వాలని బ్యాంకుకు వెళ్లిన రోజున కౌంటర్లో ఉన్నావిడ గొంతు తగ్గించి, "డబ్బు ఉందండీ, కానీ తీయడానికి లేదు. పన్ను బాకీ కింద ఖాతా జప్తు చేశారు" అంది. ఏదో పొరపాటనుకుని తమ్ముణ్ణి వెంటబెట్టుకుని పన్నుల ఆఫీసుకు వెళ్లాను. అక్కడ వాడు అధికారి ముందు నిలబడి, నావైపు చూడకుండా, "నాకేం తెలుసండీ, షాపు మా అక్క పేరు మీద ఉంది కదా" అన్నాడు. ఖాతా పోయినందుకు నేను ఏడవలేదు. ఆ మాటకు ఏడ్చాను. అమ్మ పోయాక వాణ్ణి చంకనేసుకుని తిరిగినదాన్ని నేను. కట్టని పన్ను డబ్బు ఎటు పోయిందో వాడి ఇంటి రెండో అంతస్తు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

4. షాపు మూసేసి ఆస్పత్రి లాండ్రీలో చేరాను. నాలుగు నెలలు తిరక్కుండానే జప్తు ఉత్తర్వు అక్కడికీ వచ్చింది. జీతాల గుమస్తా నన్ను లోపలికి పిలిచి, కుర్చీ వేసి, "అమ్మా, మీ జీతంలోంచి ఇది కోయక తప్పదు. కానీ మీకు చూపించకుండా ఏ నెలా కోయను" అన్నాడు. అన్నట్టే చేశాడు. ఉన్న రెండు గదులైనా నిలబడాలని ఏళ్ల తరబడి అరకొర జీతంతో నెట్టుకొచ్చాను. బాకీ పోయిన ఏడు తీరింది. ఆ గదుల మీద ఇప్పుడు ఎవరికీ ఏ హక్కూ లేదు.

5. ఇస్త్రీ మేస్త్రీకి: నా ఆవిరి ఇస్త్రీ యంత్రం, దాని బల్లతో సహా. ఖాతా జప్తులో ఉన్నన్నాళ్లూ జీతం అడగకుండా పనిచేశాడు. కాలర్లు మాత్రం ఇప్పటికీ సరిగ్గా చేయడు, ఆ సంగతి కూడా ఇక్కడ రాయమన్నాను.

6. మరదలికి: నా ఉన్ని శాలువా, చెవి దిద్దులు. మొగుడికి ఎదురు చెప్పలేకపోయింది, కానీ ఆ రోజుల్లో వాడికి తెలియకుండా రెండుసార్లు నా కరెంటు బిల్లు కట్టింది. నాకు తెలియదనుకుంటోంది.

7. తమ్ముడికి: ఏమీ లేదు. నా షాపులో వదిలేసిన నీ కోటు మాత్రం నా దగ్గరే ఉంది, వచ్చి తీసుకో. మోచేతి దగ్గర చిరుగు కుట్టాను. ఎందుకు కుట్టానో అడగొద్దు, చిరిగిన బట్ట కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు.

8. మేనకోడలికి: రెండు గదులూ, వాటిలోని సామాను, సర్వహక్కులతో. షరతు ఒక్కటే. నాన్న నడిపే ఏ వ్యాపారానికీ అది తన పేరు ఇవ్వకూడదు. ఇస్తే గదులు ఇస్త్రీ మేస్త్రీకి చెందుతాయి. ఇది బెదిరింపే, కాదనను. ఉద్యోగం చేసుకో, సొంతంగా షాపు పెట్టుకో, నీ లెక్క నువ్వు చూసుకో. నీ పేరున వచ్చిన ఉత్తరం నీ చేత్తో నువ్వే విప్పు.

9. ఈ వీలునామా అమలు జీతాల గుమస్తాకు అప్పగిస్తున్నాను. నా జీతం కోసినవాడు కదా అని వకీలు నవ్వాడు. నవ్వనీ. చెప్పి కోసినవాడు అతనొక్కడే.

10. వీలునామా మనిషి పోయాక చదువుతారు. దీన్ని అప్పటిదాకా ఆపొద్దు. రేపు ఆదివారం పొద్దున్నే గుమస్తా దీని నకలు నా మేనకోడలి చేతికి ఇవ్వాలి, తండ్రి చేతికి కాదు. చదివాక అది నా మీద విరుచుకుపడుతుంది, మా నాన్న అలాంటివాడు కాదంటుంది. ఎవరైనా నాతో వాడి గురించి ఇలా చెప్పి ఉంటే నేనూ వాళ్లను తరిమి కొట్టేదాన్ని. దానికి వాడంటే ప్రాణం. నాకూ వాడంటే ప్రాణమే. ఆ సంగతి మా ఇద్దరికంటే వాడికే బాగా తెలుసు.

తేదీ: పద్నాలుగో తారీకు, శనివారం.

చదివించుకుని, విని, ఒప్పుకుని చేసిన సంతకం: మరకలక్క

నా ఎదుట సంతకం చేసిందని సాక్షులు:
బ్యాంకు కౌంటర్లో పనిచేసి రిటైరైన ఆవిడ
కింది అంతస్తు మందుల షాపాయన