పదకొండో రోజున నేను కోసిన కట్టు

చిత్తూరు జిల్లా తిరుపతిలో రైలు స్టేషను వెనక వీధిలో కాపురమున్న, కీర్తిశేషులు హార్మోనియం సుబ్బన్న గారి పెద్ద కుమార్తె, సినిమాల్లో కుమారి మునిలక్ష్మిగా పేరుపడిన మునిలక్ష్మి అను నేను, ముప్పై అయిదేళ్ళ వయసులో, పూర్తి తెలివితోనే ఉండగా, ఒకరి బెదిరింపు గానీ బతిమాలడం గానీ లేకుండా రాయించుకున్న మరణశాసనం ఇది. నా ఊపిరితిత్తులు చెడిపోయాయని డాక్టరు గారు చెప్పారు. బుద్ధి చెడిందని మాత్రం అనలేదు. అయిదో అంశం కోసమే ఇదంతా రాయిస్తున్నాను. తక్కినవి చదవకపోయినా అది తప్పక చదవాలి.

1. దీన్ని అమలు జరిపే అధికారం చిత్తూరు దర్జీ అబ్దుల్ సత్తార్ గారికి ఇస్తున్నాను. నాటకాల కంపెనీలో నా ఎనిమిదో ఏట మొదటి వేషానికి పట్టులంగా కుట్టింది ఆయనే. కొలతలో గానీ మాటలో గానీ తేడా రాని మనిషి. నా పెట్టెలోని జరీబట్టలు ఆయన మనవరాలు షహర్‌బానుకు చెందాలి.

2. నా కమ్మలు, నాలుగు గాజులు చెల్లెలు తిరుమలమ్మకు. దాని భర్త గోవిందు తన వదిన సినిమాల్లో వేస్తుందని చుట్టాలకు చెప్పుకోలేదు గానీ, డేరాలో నా బొమ్మ ఆడితే ముందు వరసలో కూర్చునేవాడు. ఆయనకు నా నిలువెత్తు పటం ఇస్తున్నాను. చుట్టాలొచ్చినప్పుడు కూడా అది ముందు గదిలోనే ఉండాలి.

3. పదహారేళ్ళు నాకు తల దువ్విన ఆనందమ్మకు నా సవరాలు రెండూ, జడకుచ్చులూ. జ్వరంలో తన జుట్టు ఊడిపోయాక అది అద్దం చూసుకోవడం మానేసింది. నా అద్దం కూడా దానిదే.

4. మదరాసులో నా చేత వేషాలు వేయించిన కంపెనీ యజమానికి ఏమీ ఇవ్వడం లేదు. ఆయనకు నా కాలు ఇదివరకే ఇచ్చాను. ఇరవై తొమ్మిదేళ్ళకు, నాకంటే పదేళ్ళు పెద్దవాడైన హీరోకి మంచం మీద కూర్చునే తల్లి వేషం వేశాను. నడిచే వేషం మళ్ళీ ఎవరూ ఇవ్వలేదు.

5. 1941లో షూటింగులో గుర్రం మీంచి పడి నా కుడికాలు విరిగింది. పుత్తూరు దగ్గర పల్లెలో కట్లు కట్టే పెంచలయ్య గారి దగ్గరికి తీసుకుపోయారు. ఆకుపసరు, గుడ్డుసొన పట్టించి, వెదురు బద్దలు పెట్టి కట్టారాయన. "ఇరవై ఒక్క దినం కాలు కింద మోపొద్దు తల్లీ. ఎముక చెప్పినట్టు వింటాది, మనిసే వినడు" అన్నారు.

పదకొండో రోజున కంపెనీ కారు వచ్చింది. నాట్యం ఒక్కటే మిగిలిందనీ, ఆలస్యమైతే సెట్టు విప్పేసి నా వేషం ఇంకొకరికి ఇస్తారనీ కబురు. కత్తెర తీసుకుని కట్టు నేనే కోసుకున్నాను. రెండు రోజులు గజ్జె కట్టి ఆడాను. కాలు వంకరగా అతుక్కుంది.

నాటుకట్టు వల్ల తార కాలు పోయిందని ఒక పత్రిక రాసింది. అది చేతపట్టుకుని పెంచలయ్య గారు మదరాసులో మా ఇంటికి వచ్చారు. "కట్టు ఎన్ని దినాలు ఉంచుకుంటివి తల్లీ?" అని అడిగారు. పక్కనే కంపెనీ యజమాని కూర్చుని ఉన్నాడు. తన షూటింగు కోసమే కాలు పాడైందని బయటపడితే నాకు మరో చిత్రం ఇవ్వడు. ఇరవై ఒక్క రోజులూ ఉంచానని చెప్పాను. పెంచలయ్య గారు నమ్మారు. ఆ తర్వాత ఆయన ఎవరికీ కట్టు కట్టలేదు.

పోయిన నెల నిజం చెప్పుకుందామని ఆ పల్లెకు వెళ్ళాను. ఆయన పోయి నలభై రోజులయిందట. భార్య అక్కమ్మ గారు నా కుంటినడక చూసి, అరుగు మీద కూర్చోబెట్టి, మజ్జిగ తెచ్చిచ్చారు. "యాడ తప్పు కట్టినానో తెలీలేదే అని సచ్చేదాకా దిగులు పడినాడమ్మా" అన్నారు. నిజం చెప్పలేదు. మజ్జిగ మాత్రం తాగి వచ్చేశాను. అందుకు నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

6. పుత్తూరు స్టేషను దగ్గరున్న నా స్వార్జితమైన పెంకుటిల్లు, బావితో సహా, పెంచలయ్య గారి కొడుకు ఓబయ్యకు సర్వహక్కులతో చెందాలి. తండ్రి దగ్గర పని నేర్చినవాడు, తండ్రి మానేశాడని తానూ మానేసి రాళ్ళు కొట్టే కూలికి పోతున్నాడు. రైలు దిగినవాళ్ళకు ఆ ఇంట్లో కట్టు కట్టాలని నా కోరిక. షరతు కాదు. నా తప్పు ఇంత చిన్న ఇంటితో తీరేది కాదని నాకు తెలుసు. వాళ్ళు నన్ను తిట్టుకున్నా ఇల్లు వాళ్ళదే.

7. నేను పోయిన మరునాడే, కర్మకాండ సంగతి చూడకముందే, సత్తార్ గారు వెళ్ళి అయిదో అంశం అక్కమ్మ గారికీ ఓబయ్యకూ చదివి వినిపించాలి. ఆ పైన పుత్తూరు సంతలో టముకు వేయించి అందరికీ చదవాలి. నా పేరు దాచవద్దు.

అక్కమ్మ గారూ, ఆయన ఎక్కడా తప్పు కట్టలేదు. కట్టు కోసిన రోజున కాలు తిన్నగా ఉంది. నేను చూశాను.

సర్వధారి నామ సంవత్సరం, భాద్రపద మాసం, 1948 సెప్టెంబరు 9, గురువారం, తిరుపతి.

చేవ్రాలు: మునిలక్ష్మి

సాక్షులు:
రుక్మిణమ్మ, పక్కింటి కాపురం, పంతులమ్మ (చేవ్రాలు)
సుల్తాన్, నన్ను ఆ పల్లెకు తీసుకుపోయిన జట్కా బండి మనిషి (ఎడమ బొటనవేలి ముద్ర)