పళ్లెం నేనే తెచ్చుకుంటాను

లారెల్ ఫోర్క్, కెంటకీ

పాస్టర్ ఎల్బర్ట్ గారికి వందనాలు.

ఆదివారం చర్చిలో, యేసు తన శిష్యులకు కడిగినట్టు, ఒకరి పాదాలు ఒకరం కడుక్కునేటప్పుడు నన్ను మా చెల్లెలు వర్డీ ఎదుట కూర్చోనివ్వనని మీ ఆవిడతో కబురు పంపారు. "ప్రేమ లేకుండా కడిగితే నటనే. ప్రేమ దేవుడే ఇస్తాడు, అందాకా ఆగమను" అన్నారట.

నా కొడుకును పోలీసులకు పట్టించింది వర్డీయే. వాడు జైల్లో ఉన్నన్నాళ్లూ ఆగాను పాస్టర్ గారూ. మోకాళ్లు కాయలు కాసేలా ప్రార్థించాను. ప్రేమ రాలేదు. నిన్న కొట్లో వర్డీ ఎదురైతే, "బాగున్నావా?" అని అడగడానికి నాకు చెమటలు పట్టాయి. అది తెల్లబోయి, "నాతోనేనా అక్కా?" అంది.

"నీతో కాకపోతే ఆ పిండి బస్తాతోనా?" అన్నాను.

"బాగున్నావా" అన్న ఆ మాట ఎవరూ నా నోట్లో పెట్టలేదు. పంటి బిగువున నేనే అన్నాను. దాన్ని కూడా నటనే అంటారా? అనుకోండి.

ఆదివారం వస్తున్నాను. మీరు కాళ్లు కడిగే పళ్లెం ఇవ్వకపోతే మా ఇంటి నుంచి తెచ్చుకుంటాను. దేవుడు ప్రేమ ఇవ్వడని నేననను. ఇచ్చే రోజున ఆయన నన్ను వెతుక్కోనక్కర్లేదు, వర్డీ కాళ్ల దగ్గరే ఉంటాను.

ఇట్లు,
మీరు ఆగమన్న సహోదరి