శ్రీమతి ఓ గారి నిజమైన ఇంటిపేరు గురించి

హార్లన్ క్రీక్, మానిటోబా, కెనడా
జనవరి 23

ఈ కాగితమును ముందుగా ఎవరు విప్పి చదువుదురో వారికి; వారికి అధికారము లేనిచో, అధికారము ఎవరియందున్నదో వారికి; అది ఎవరియందున్నదో కార్యాలయములో ఎవరికిని తెలియనిచో, సదరు కార్యాలయపు తూర్పు గోడకు – సవినయముగా సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: వృద్ధుల వాహన సేవ – శ్రీమతి ఓ మల్సున్ గారి ఇంటిపేరును ఇంటిపేరుగానే పరిగణించి, జనవరి 31వ తేదీలోగా జాబితాలో చేర్చుట – మనవి.

సూచిక: శ్రీమతి ఓఓ అను మహిళకు తమ కార్యాలయం పంపిన సంజాయిషీ నోటీసు, తేదీ జనవరి 13.

లోర్న్ థీసెన్ అను నేను, వయస్సు 46, వృత్తి వెబ్ డిజైనర్, శ్రీమతి ఓ గారి పక్కింట్లో పదకొండేళ్లుగా నివసిస్తున్నవాడిని, విన్నవించుకొనేది ఏమనగా:

శ్రీమతి ఓ గారి వయస్సు 78. హాకీ చొక్కాల కర్మాగారంలో ముప్పై ఒక్క ఏళ్లు ఆటగాళ్ల వీపుల మీద పేర్లు కుట్టి, పని మానుకున్నారు. మూత్రపిండాలు కూడా పని మానుకున్నందున సోమ, బుధ, శుక్రవారాల్లో అరవై కిలోమీటర్ల దూరంలోని ఆసుపత్రిలో డయాలిసిస్ చేయించుకోవలసి ఉంది. ఇంతకాలం కారులో తీసుకువెళ్లిన స్నేహితురాలు చూపు తగ్గినందున డిసెంబరులో తాళాలు తన కొడుక్కి ఇచ్చేశారు. ఇక మిగిలిన నమ్మదగ్గ దారి తమ వ్యాను ఒక్కటే. దాని జాబితా ఈ నెల 31న మూసి, మళ్లీ మే నెలలో గాని తెరవరు. మే నెల దాకా ఆగడానికి ఆమె రక్తం ఒప్పుకోదు.

ఈ సందర్భంలో తలెత్తిన ఇబ్బందులను అంశాలవారీగా మనవి చేస్తున్నాను. అంశాల వరుసలో ఒక లోపం కనిపిస్తుంది. దాని సంజాయిషీ తగిన చోట ఇస్తాను.

1. జనవరి 4న శ్రీమతి ఓ గారి వంటింటి బల్ల మీద నా ల్యాప్‌టాప్ తెరిచి, తమ వెబ్‌సైటులో దరఖాస్తు నింపడానికి కూర్చున్నాము. మొదట ల్యాప్‌టాప్ తనను తాను సరికొత్తగా మార్చుకోవాలని ఇరవై రెండు నిమిషాలు తీసుకుంది. ఆ తరువాత మేము మనుషులమేనని రుజువు చేసుకోవడానికి ట్రాఫిక్ లైట్లున్న చదరాలన్నీ గుర్తించవలసి వచ్చింది. మా ఊరిలో ట్రాఫిక్ లైటు ఒక్కటే ఉన్నందున శ్రీమతి ఓ గారికి ఇందులో అభ్యాసం తక్కువ. ఆమె కళ్లజోడు వెతుక్కొని వచ్చేలోగా, నాలుగు నిమిషాలపాటు ఏమీ కదలలేదన్న కారణంతో ఫారం మొత్తం ఖాళీ అయిపోయింది. మూడోసారికి ఇంటిపేరు గడి దగ్గరికి చేరాము.

శ్రీమతి ఓ గారి ఇంటిపేరు ఓ. ఇంగ్లీషులోనూ అది ఒక్క గుండ్రటి అక్షరమే. కొరియావారిలో స్త్రీలు పెళ్లయినా పుట్టింటి పేరు వదలరు గనుక, అది ఆమెకు తండ్రిగారి నుంచి వచ్చింది. ఆమె ఒక్క వేలితో ఆ ఒక్క అక్షరం నొక్కారు. గడి కింద ఎర్ర అక్షరాలతో ఒక వాక్యం వచ్చింది: “దయచేసి మీ నిజమైన ఇంటిపేరు రాయండి.”

“ఏమంటోంది?” అని అడిగారు.

చదివి వినిపించాను.

“నిజమైనదే రాశానే.” ఆమె తెర వైపు కాక నా వైపు చూశారు. “లోర్న్, ముప్పై ఒక్క ఏళ్లు నేను పేర్లు కుట్టాను. ఒకసారి ఉక్రెయిన్ కుర్రాడొకడు వచ్చాడు. వాడి పేరు ఈ చంక దగ్గర మొదలై ఆ చంక దాకా పోయింది. తగ్గించుకోమని నేనెప్పుడైనా అన్నానా? మా నాన్న పేరేమో ఒక్క అక్షరం. దారం కూడా ఖర్చు కాదు. దీనికేం నొప్పి?”

నేను లేచాను. కెటిల్ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. అది అప్పటికే మరిగి ఉంది.

2. తరువాత జరిగిన తప్పు పూర్తిగా నాది. “ఇంకో ఓ కొట్టండి, మిసెస్ ఓ. దాన్ని మభ్యపెడదాం,” అన్నాను. ఆమె కొట్టారు. ఫారం సంతోషించి పచ్చ రంగు టిక్కు పెట్టింది. తరువాతి గడిలో ఆమె ఆరోగ్య కార్డు సంఖ్య నింపి పంపాము. ఆ విధంగా హార్లన్ క్రీక్‌లో శ్రీమతి ఓఓ అను మహిళ జన్మించింది. తొమ్మిది రోజులకు ఆమె పేరిట తమ నోటీసు వచ్చింది. శ్రీమతి ఓ అను వేరొకరి ఆరోగ్య కార్డును ఆమె ఏ అధికారంతో వాడుకున్నదో పదిహేను రోజులలో సంజాయిషీ ఇవ్వాలని, అంతవరకు ఇద్దరిలో ఎవరి దరఖాస్తూ పరిశీలించబడదని అందులో ఉంది.

శ్రీమతి ఓ గారు దాన్ని రెండుసార్లు చదివి, ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అతికించారు. “ఇంతకాలానికి నా దగ్గర కూడా దొంగిలించదగ్గది ఉందని తేలింది,” అన్నారు. “దొంగను కూడా నేనే కావడం ఒక్కటే బాగాలేదు.”

3. జనవరి 14న తమ వెబ్‌సైటులోని పెన్నీ అనే నవ్వుముఖపు సహాయకురాలిని సంప్రదించాము. సదరు సంభాషణ నకలు:

“నమస్తే! నేను పెన్నీని. మీ ఇంటిపేరు చెబుతారా?”

“ఓ.”

“మీరు సంతోషించినందుకు నాకూ సంతోషంగా ఉంది! మీ ఇంటిపేరు చెబుతారా?”

“నా ఇంటిపేరు ఓ.”

“అర్థమైంది! ఇంటిపేరు మరిచిపోయినవారి కోసం మా దగ్గర ఒక ఫారం ఉంది!”

ఆ ఫారం మొదటి గడి ఇంటిపేరు.

అదే మధ్యాహ్నం ఇద్దరం స్వయంగా తమ కార్యాలయానికి వచ్చాము. కౌంటరులో షెల్బీ అనే ఉద్యోగిని ఎంతో మర్యాదగా చూశారు. కార్డు తీసుకున్నారు, పేరు కొట్టారు, మళ్లీ కొట్టారు, తల అడ్డంగా ఊపారు.

“నా కంప్యూటరూ అదే ఫారం అడుగుతోందండీ. నేను వేరే దారిలో ఎక్కించలేను.”

“నేను నీ ఎదురుగానే ఉన్నాను కదమ్మా,” అన్నారు శ్రీమతి ఓ గారు.

“కనిపిస్తున్నారండీ. కానీ కనిపించడానికి ఇందులో గడి లేదు.” షెల్బీ గారు నొచ్చుకున్నారు. “నిజం చెప్పాలంటే ఈ ఫారం మీద ఫిర్యాదే ఉండదు. నింపినవాళ్లలో నూటికి తొంభై ఎనిమిది మందికి నచ్చిందట. దీనికి ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. అదిగో, తూర్పు గోడ మీద ఉంది చూడండి.”

అభిప్రాయం అడిగే ప్రశ్న ఫారం చివరి పేజీలో ఉన్నదని, చివరి పేజీకి చేరలేనివారి అభిప్రాయం ఎవరూ అడగరని నాకు తెలుసు. ఎలా తెలుసునన్నది నాలుగవ అంశం. శ్రీమతి ఓ గారు గోడ వైపు తిరగబోతుండగా నేను అడ్డంగా జరిగి, ప్రశంసాపత్రానికి వీపు ఆనించి నిలబడ్డాను. కార్యాలయం వెచ్చగా ఉన్నా కోటు విప్పలేదు. విశాలమైన కోటు. పత్రం మొత్తం కప్పింది.

5. జాబితా విషయం తేలేవరకు శ్రీమతి ఓ గారిని నా కారులో తీసుకువెళుతున్నాను. జనవరి 17, శుక్రవారం ఉదయం మైనస్ ముప్పై నాలుగు డిగ్రీలు. చలికి ఇంజను గడ్డకట్టకుండా రాత్రంతా వేడిచేసే తీగను ముందురోజు కరెంటు ప్లగ్గులో పెట్టడం నేను మరిచిపోయాను. కారు ఒక్కసారి దగ్గి ఊరుకుంది. ఆ రోజు డయాలిసిస్ తప్పిపోయింది. శనివారం ఖాళీ ఉందని ఆసుపత్రివారు ఫోను చేసేసరికి ఆమె పాదాలు ఉబ్బి, తన బూట్లలో పట్టలేదు. నా బూట్లు తొడుక్కొని వచ్చారు. ఆసుపత్రి వసారాలో, సర్కస్‌లో జోకరు బూట్లు ఎందుకంత పెద్దవో ఇప్పుడు తెలిసిందని అన్నారు. వాళ్లకూ కాళ్లవాపేనట. నర్సు నవ్వింది. నేనూ నవ్వవలసి వచ్చింది.

ఇక్కడికి అర్జీ పూర్తి అయినట్టే భావించి, సంతకం కోసం నిన్న, అనగా బుధవారం, ఆసుపత్రిలో యంత్రం పక్కన కూర్చొని ఆమెకు చదివి వినిపించాను. పై వరుసలోనే చదివాను. ఆమె కళ్లు మూసుకొని విన్నారు.

“మూడు తరువాత ఐదు చదివావు,” అన్నారు కళ్లు తెరవకుండానే.

“అలాగా?”

“కుట్లు లెక్కపెట్టుకుంటూ బతికినదాన్ని. నాలుగో నంబరు ఏదీ?”

“మీ కొరియావాళ్లు నాలుగు అంకె వాడరు కదా, మిసెస్ ఓ. అపశకునమని…”

“లిఫ్టుల్లో వాడరు. అర్జీల్లో వాడతారు. చదువు.”

కాగితం నా చేతిలోనే ఉంది. మడత పెట్టి ఉంది. విప్పి చదివాను.

4. సదరు ఫారమును తయారు చేసినవాడు ఈ అర్జీదారుడే. తూర్పు గోడ మీది ప్రశంసాపత్రంలో ఉన్న పేరు లోర్న్ థీసెన్. నాలుగు నిమిషాల గడువు నేను పెట్టినదే. పెన్నీ నవ్వు నేను గీసినదే. ఇంటిపేరుకు కనీసం రెండు అక్షరాలుండాలన్న నియమం తమ కార్యాలయం కోరలేదు, ఎవరూ కోరలేదు. ఫారం పరీక్షించేటప్పుడు కొందరు అల్లరిగా ఒక్కొక్క అక్షరం కొట్టి పంపితే, నేనే విసుగుపడి ఆ నియమం చేర్చాను. ఒక్క అక్షరం పేరుతో మనుషులుండరని అప్పుడు అనుకున్నానని చెప్పుకోవచ్చును గాని, అదీ అబద్ధమే అవుతుంది. అప్పటికి తొమ్మిదేళ్లుగా శ్రీమతి ఓ గారి వాకిట్లో మంచు తీస్తున్నాను. ఆమె తపాలా పెట్టె మీద ఉన్న అక్షరాన్ని రోజూ చూస్తున్నాను. తట్టలేదు. ఎర్ర వాక్యం కూడా నా సొంత రచన. మొదట “ఇంటిపేరు చాలలేదు” అని రాసి, మర్యాదగా లేదని మార్చాను. మర్యాద కోసం ‘నిజమైన’ అనే మాట చేర్చాను.

దిద్దడానికి నేను ప్రయత్నించలేదని తమరు అనుకోవచ్చును. రెండేళ్ల కిందటే నా ఒప్పందం ముగిసింది. పాస్‌వర్డ్ చెల్లదు. కొత్తది కావాలంటే రహస్య సంఖ్య నేను పనిచేసిన సంస్థ ఫోనుకు వెళుతుంది. సంస్థ మూతపడింది. ఆ ఫోను ఇప్పుడు ఎవరి జేబులో ఉన్నదో, ఈ నెలలో దాదాపు నలభైసార్లు మోగింది. తమ ఆన్‌లైన్ ఫిర్యాదు పుటలో బాధితుల ఇంటిపేరు తప్పనిసరి. అందుకే ఈ కాగితం.

చదవడం ముగిసేసరికి యంత్రం రెండుసార్లు కూత పెట్టింది. నర్సు వచ్చి, ఏదో నొక్కి, వెళ్లింది.

“నువ్వా?” అన్నారు శ్రీమతి ఓ గారు.

“నేనే.”

“ఆ రోజు వంటింట్లో తెలుసా నీకు?”

“ఎర్ర అక్షరాలు కనబడగానే తెలిసింది.”

“అందుకా, మరిగిన కెటిల్ దగ్గర కాపలా కాశావు.” కళ్లు తెరిచి నా వైపు తిరిగారు. “ఆ నియమం పెట్టడానికి ఎంతసేపు పట్టింది?”

“అర నిమిషం. ఒక చేతిలో సాండ్‌విచ్ ఉంది.”

“ఏం సాండ్‌విచ్?”

“గుడ్డుది.”

“ఊఁ,” అన్నారు. దాని అర్థం నాకు ఇప్పటికీ తెలియదు. తరువాత ఇలా అన్నారు: “ఫ్యాక్టరీలో ఎవరైనా పేరు తప్పు కుడితే మా మేస్త్రీ తిట్టేవాడు కాదు. కుట్లు విప్పే చిన్న కత్తి చేతికిచ్చి, గది మధ్యలో కుర్చీ వేసేవాడు. అందరూ చూస్తుండగా ఒక్కో కుట్టే విప్పాలి. గుడ్డ చిరగకూడదు.” కళ్లు మళ్లీ మూసుకున్నారు. “నాలుగో నంబరు తియ్యకు. చివర పెట్టు. చివర పెట్టిందే జనానికి గుర్తుంటుంది.”

తిరుగు ప్రయాణంలో అరవై కిలోమీటర్లూ ఆమె నాతో మాట్లాడలేదు. ఇంటి ముందు దిగుతూ, “రేపు ప్లగ్గు పెట్టు. ఎల్లుండి శుక్రవారం,” అన్నారు. అంతకన్నా ఏమైనా తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

కావున తమ ముందు ఈ క్రింది కోరికలను లాంఛనంగా దాఖలు చేస్తున్నాను:

1) ఇంటిపేరుకు ఒక్క అక్షరం చాలునని ఉత్తర్వు జారీ చేయవలెను.

2) ‘నిజమైన’ అను మాటతో కూడిన ఎర్ర వాక్యాన్ని తొలగించవలెను. దాని స్థానంలో వేరే మర్యాద ఏదీ చేర్చవద్దు.

3) శ్రీమతి ఓఓ అను మహిళ ఎన్నడూ లేదని, ఆమెను సృష్టించినది అర్జీదారుడేనని నమోదు చేసి, నోటీసు ఉపసంహరించవలెను. సంజాయిషీ నా నుంచి తీసుకొనవలెను. పైన ఉన్నది.

4) శ్రీమతి ఓ మల్సున్ గారిని ఆ పేరుతోనే జనవరి 31వ తేదీలోగా జాబితాకు ఎక్కించి, ఫిబ్రవరి 3, సోమవారం ఉదయం ఆరున్నరకు వ్యాను పంపవలెను.

5) తూర్పు గోడ మీది ప్రశంసాపత్రాన్ని తీసివేయవద్దని మనవి. దాని పక్కనే, అంతే ఎత్తులో, చదవడానికి వీలుగా ఈ అర్జీ నకలు తగిలించవలెను. నేను మళ్లీ దానికి వీపు ఆనించను.

చిత్తగించవలెను. ఇందుకు నాలుగు నిమిషాల గడువు వర్తించదు.

తమ విధేయుడు,
లోర్న్ థీసెన్
వెబ్ డిజైనర్

తా.క.: ఈ ఉదయం అర్జీ తీసుకొని ఆమె ఇంటికి వెళ్లాను. ఆమె కళ్లజోడు పెట్టుకొని మొత్తం మళ్లీ చదివారు. ‘సవినయముగా’ అన్న చోట ఆగి, “ఇది నీదా, నాదా?” అని అడిగారు. నాదన్నాను. “అయితే ఉండనీ,” అన్నారు. కలం తీసుకొని సంతకం చేశారు. తమ కార్యాలయంలో కాగితాలు శుభ్రంగా చూసేవారు ఉంటారు గనుక మరొక్క కోరిక చేర్చవలసి వచ్చింది.

6) ఈ పుట అడుగున, ఎడమవైపు ఉన్న గుండ్రటి గీత కాఫీ కప్పు మరక కాదు, సున్నా కాదు, ఖాళీగా వదిలిన గడి కాదు. అది ఇంటిపేరు. అలాగే చదవవలెను.