రుయీలాన్ పాదాలు

బీజింగ్,
ఎనిమిదో నెల

ప్రియమైన శూయీకి,

ఈ ఉత్తరం చూసి నీకు కోపం వస్తుంది. రానీ. చక్రవర్తిని బంధించి రాజమాత మళ్ళీ గద్దెనెక్కారు. కొత్త బళ్ళు పెట్టాలని, పరీక్షలు మార్చాలని మేం రాసిన విన్నపాలన్నీ ఇప్పుడు నేరాలయ్యాయి. పత్రికలో నాతో పనిచేసే మన ఊరి ఫాన్‌ను నిన్న పొద్దున ముఖం కడుక్కుంటుండగా పట్టుకుపోయారు. తువ్వాలు ఇంకా దండెం మీదే ఉంది. టీ కొట్టాయన నన్ను చూసి, "ఇటు రాకండి బాబుగారూ, పిల్లలు గలవాణ్ణి" అన్నాడు.

నేను పారిపోను. పారిపోతే మీ మీద పడతారు. నీతో చెప్పవలసింది ఇంకొకటుంది, అది రాయడానికి చెయ్యి రావడం లేదు. రుయీలాన్ పాదాలు మళ్ళీ కట్టెయ్యి. పాదాలు చిన్నవిగా ఉండాలని ఆడపిల్లలకు వాటిని విరిచి కట్టొద్దని ఊరూరా ఉపన్యాసాలిచ్చింది నేనే. మన చాంగ్‌షాలో అందరికంటే ముందు కట్లు విప్పింది మన పిల్లకే. ఇప్పుడు కట్లు విప్పిన పాదం కనిపించిన ప్రతి ఇల్లూ మా పక్షం కిందే లెక్క. అది ఏడుస్తుంది. నేను కట్టమన్నానని మాత్రం దానికి చెప్పకు.

నీ
జింగ్‌హాన్

షియాంగ్ నది మీద,
తొమ్మిదో నెల

రుయీలాన్ వాళ్ళ నాన్నగారికి,

మీ ఉత్తరం అందకముందే అందులో ఏముందో నాకు తెలిసింది. ముందురోజు వంశపెద్ద మనింటికొచ్చి, ఇచ్చిన టీ ముట్టకుండా, "ఇంకా చూస్తారేంటమ్మా, పిల్ల కాళ్ళు కట్టెయ్యమని మీ ఆయనే అంటున్నాడుగా" అన్నాడు. ఆయనకెలా తెలిసిందో అప్పుడు నాకు అర్థం కాలేదు. మర్నాడు మీ కవరు చేతికొస్తే, విప్పి మళ్ళీ అతికించిన జిగురు ఇంకా తడి ఆరలేదు. మన ఇంటిని సర్కారువాళ్ళెప్పుడో గుర్తుపెట్టుకున్నారు. ఇక కట్టినా ఒకటే, కట్టకపోయినా ఒకటే.

అయినా అత్తగారు వేడినీళ్ళు, గుడ్డలు తెచ్చారు. రుయీలాన్ కాలు చాపి, "నాన్న కట్టమన్నారా?" అంది.

"లేదు" అన్నాను.

అత్తగారు నా ముఖంలోకి చూశారు. నీళ్ళు పెరట్లో పారబోసి వచ్చి, "పొద్దుండగానే బయల్దేరండి. ఎవరైనా అడిగితే పుట్టింటికెళ్ళిందంటాలే. ఈ ముసల్దాన్ని ఏం చేసుకుంటారు?" అన్నారు. అలా అన్నారే గానీ గుమ్మం దగ్గర నా చెయ్యి చాలాసేపు వదల్లేదు.

ఫాన్ గారి అన్నగారు తన తమ్ముడి శవం తెచ్చుకోవడానికి అక్కడికి వస్తున్నారు. ఆయన చొక్కా అంచులో కుట్టి ఇది పంపుతున్నాను. ఎక్కడికి వెళ్తున్నామో మాత్రం రాయను. చదవడానికి మీరున్నారో లేదో తెలియదు.

గాలి లేక పడవను ఒడ్డు నుంచి తాళ్ళతో లాగుతున్నారు. రుయీలాన్ దిగి వాళ్ళ పక్కన నడుస్తోంది. నొప్పికి ఆగుతోంది, మళ్ళీ నడుస్తోంది. చిన్నప్పుడే విరిచి కట్టిన నా కాళ్ళకు ఆ పని చేతకాదు. లోపల కూర్చుని చూస్తున్నాను. కట్టమని మీరు నాకు రాసిన ఆ మాట మన పిల్ల చెవిన ఎప్పటికీ పడదు.

మీ
శూయీ