బ్రెట్ పాడిన ఆరు వారాలు

డులూత్, ఫిబ్రవరి 6, 1994

ప్రియమైన డ్వేన్,

మా అక్క ఇంటికి చేరాను. డాక్టరు చెప్పింది ఇది. గొంతులో రెండు కాయలు కట్టాయి. ఆరు వారాలు మాట్లాడకూడదు. గుసగుస కూడా పనికిరాదు. అప్పటికి కరిగితే సరి, లేకపోతే కోయాలి. కోశాక పాత గొంతే వస్తుందని తాను హామీ ఇవ్వలేనన్నాడు.

అక్క నా మెడలో పలక కట్టింది. దాని మీద బావ మొదటిరోజే ‘కుక్క ఉంది జాగ్రత్త’ అని రాశాడు.

ఎనిమిదేళ్లు ఒకే వ్యానులో, ఏడాదికి రెండొందల ఊళ్లు తిరిగాం. ఇప్పుడు పెద్ద కంపెనీ మన రికార్డు వేసి, టూరు పెట్టింది. నా వల్ల ఆగితే మన బృందం ‘సాల్ట్ ట్రక్స్’ని మళ్లీ ఎవరూ పిలవరు. రెండు వారాలు ఓపిక పట్టు, వచ్చేస్తాను. నిన్న స్నానాల గదిలో కూనిరాగం తీశాను. పర్వాలేదనిపించింది.

ఉత్తరాలు మీ అమ్మ దగ్గరికే పంపుతాను. మీరు ఏ ఊళ్లో ఉంటే అక్కడికి పంపుతానని అక్కతో ఫోన్లో అందట.

నీ రోలండ్

చికాగో, ఫిబ్రవరి 17

ప్రియమైన రోలండ్,

రావద్దు. ప్రతి ఊళ్లో మన కచేరీకి ముందు వాయించే బృందంలో బ్రెట్ ఉన్నాడు కదా, నీ పాటలు వాడే పాడుతున్నాడు. జనం బాగానే చప్పట్లు కొడుతున్నారు. ‘వీడు కనీసం టైముకి వస్తాడు’ అంటోంది మార్లా. తన బేస్ గిటారు మీద ఇంత హాయిగా ఎప్పుడూ వాయించలేదట.

కూనిరాగాలు మానెయ్. నీ తొందర ఇక్కడెవరికీ అవసరం లేదు.

డ్వేన్

డులూత్, ఫిబ్రవరి 25

ప్రియమైన డ్వేన్,

ప్రియమైన అన్నది అలవాటు కొద్దీ రాశాను. నీ గురించి నేననుకున్నది పలక మీద రాసి చూపిస్తే, పిల్లలు చదువుతారని బావ తుడిచేశాడు.

ఆ పాటలు నేను మీ ఇంటి నేలమాళిగలో, నీ డ్రమ్స్ పక్కన కూర్చుని రాసినవి. వాటిని బ్రెట్ పాడతాడా? వాడికి ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కూడా తెలీదు. మార్చి పదికి బస్సు టికెట్టు కొన్నాను.

రోలండ్

డెన్వర్, మార్చి 3

ప్రియమైన రోలండ్,

బస్సెక్కితే టికెట్టు దండగ. నీకు మైకు ఇవ్వం. ఇది నేనూ మార్లా కలిసి తీసుకున్న నిర్ణయం. ఆరు వారాలు పూర్తయ్యాక, గొంతు బాగుందని డాక్టరు కాగితం మీద రాసిస్తే అప్పుడు మాట్లాడుకుందాం. అందాకా తిట్టుకో. పలక మీదే.

డ్వేన్

డులూత్, మార్చి 22

ప్రియమైన డ్వేన్,

మూడు వారాలు నీకు రాయాలనిపించలేదు. బస్సూ ఎక్కలేదు. మైకు ఇవ్వనివాళ్ల దగ్గరికి వెళ్లి ఏం చెయ్యను?

డాక్టరు కాగితం దీనితో జతపరిచాను. కాయలు కరిగిపోయాయి. మాట్లాడవచ్చట, కాకపోతే మెల్లగా. పరీక్షలో ‘ఈ’ అనమంటే అన్నాను. అది గొంతులా లేదు, తుప్పు పట్టిన తలుపులా ఉంది. తర్వాత నోరు తెరవలేదు. పలక ఇంకా మెడలోనే ఉంది. భయంగా ఉంది.

మీరు బ్రెట్‌తోనే ఉంటామంటే సూటిగా చెప్పు. అడ్డు రాను.

రోలండ్

టోలీడో, మార్చి 26

ప్రియమైన రోలండ్,

కాగితం మార్లాకు ఇచ్చాను. చదివి మా వంటింట్లోనే కూర్చుని ఏడ్చింది. ఇక అసలు సంగతి చెబుతాను.

బ్రెట్ ఒక్క రోజు కూడా నీ పాట పాడలేదు. నువ్వు వెళ్లిన రెండో రోజే మేం టూరు నుంచి తప్పుకుని ఇంటికి, టోలీడోకి వచ్చేశాం. బ్రెట్ వాళ్లు వేరే బృందంతో వెళ్లారు. నేను ఇక్కడ రాసిన ఉత్తరాలు కవర్లో పెట్టి బ్రెట్ వాళ్లకు పంపితే, వాళ్లు ఏ ఊళ్లో ఉంటే అక్కడ పోస్టు చేశారు. మా అమ్మకు అంతా తెలుసు. టూరు ఆగిందని తెలిస్తే నువ్వు మూడో వారంలోనే వచ్చి అరిచేవాడివి. నీ మీద నమ్మకం లేక కాదు, నువ్వెలాంటివాడివో తెలిసే. కంపెనీ వాళ్లు సెప్టెంబరులో చూద్దామన్నారు.

ఇంకొకటి. మన పాత టేపులు వరసగా విన్నాను. నేను గట్టిగా కొడుతున్నానని నువ్వు అరిచావు. నువ్వు అరుస్తున్నావని నేను ఇంకా గట్టిగా కొట్టాను. ఎనిమిదేళ్లూ ఇదే చేశాం. ఇప్పుడు రోజూ మార్లాతో కూర్చుని మెల్లగా వాయించడం నేర్చుకుంటున్నాను. ఇంత కష్టమనుకోలేదు. మొన్న గంటసేపు వాయించాక, ‘మీరింకా మొదలుపెట్టలేదా?’ అని పైనుంచి అమ్మ అడిగింది.

నీ డ్వేన్

డులూత్, మార్చి 30

ప్రియమైన డ్వేన్,

నీ ఉత్తరం వంటింట్లో నిలబడి చదివాను. బ్రెట్ సంగతి దాకా వచ్చి, ‘ఒరేయ్ దొంగ వెధవా!’ అన్నాను. బయటికే అన్నాను. అక్క చేతిలో గిన్నె కిందపడింది. బావ పక్కగది నుంచి పరుగెత్తుకొచ్చి, ‘ఎవరది? ఎవరది?’ అన్నాడు.

‘నేనే’ అన్నాను. ఆ మాటా సరిగ్గానే వచ్చింది. నమ్మకం కలగక నీకున్న పేర్లన్నీ పెట్టి వరసగా తిట్టాను, మెల్లగానే. అన్నీ నా పాత గొంతుతోనే వచ్చాయి.

వచ్చే బుధవారం మధ్యాహ్నం టోలీడోలో బస్సు దిగుతాను. స్టాండుకి వచ్చెయ్. మిగతా తిట్లు ఎదురుగానే తిడతాను.

నీ రోలండ్