అత్తయ్య ముక్కు

శ్రీవారికి,

మీ ఇంటావిడ నమస్కరించి రాసేది. ఇక్కడ నేనూ అత్తయ్యా కులాసాగానే ఉన్నాం. రేవు అడుగున బురద తోడే మీ ఓడా, దాని ఇంజన్లూ, వాటితో కుస్తీ పడే మీరూ కులాసా అని తలుస్తాను. మీ ఉత్తరం అంది పది రోజులైంది. జవాబు ఆలస్యమైందని కోపం తెచ్చుకోకండి. రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

ముందు మీరడిగినవి. పెరటి గది కిటికీకి కొత్త అద్దం వేయించాను. అత్తయ్యకి మోకాళ్లు అలిసిపోతున్నాయి గానీ నోరు అలిసిపోవడం లేదు. చేపల ఎరలకి పోసే రబ్బరు పురుగుల అచ్చు ఒకటి అరిగిపోయింది, తోకలు మొండిగా వస్తున్నాయి. మీరొచ్చాక కొత్తది చెక్కాలి.

ఎరలు ఎలా పోతున్నాయని అడిగారు. పోయిన నెలవి అన్నీ వెనక్కొచ్చాయండీ. గాలాల కొట్టాయన సంచీ తెచ్చి గడప మీద పెట్టి, "చెల్లెమ్మా, చేప వస్తోందట, నోట్లో పెట్టుకుంటోందట, థూ అని ఉమ్మేస్తోందట. నీ ఎరల మీద ఇలాంటి మాట నేనెప్పుడూ వినలేదు" అన్నాడు. రంగు కుదరలేదేమో అన్నాను. రంగు కాదు. ఎందుకో కింద రాస్తాను.

మీరే కదా అనేవారు, రంగూ తోకా చేపని పిలుస్తాయి, వాసనే దాన్ని కూర్చోబెడుతుందని. ఉమ్మేయబోయే చేప ఒక్క క్షణం ఆగాలి. ఆ క్షణం కోసమే ఎరల్లో మనం కలిపే నూనె చుక్కలన్నీ.

ఇంకో వార్త చెప్తే నమ్మరు. "ఆ కంపు గదిలో నేను అడుగుపెడితే అడుగు" అనే అత్తయ్య, ఇప్పుడు పొద్దున్నే నాకంటే ముందు వెళ్లి అక్కడ పీట వేసుకుని కూర్చుంటున్నారు. నేను ప్లాస్టిక్ కాస్తాను. పాలలా ఉన్నది జావలా చిక్కబడి, ఉన్నట్టుండి తేనెలా తేటపడుతుంది చూడండి, అప్పుడు దించి, వేడి కాస్త దిగేదాకా ఆగుతాం. ఈలోగా అత్తయ్య వాసన నూనెల సీసాల మూతలు ఒక్కొక్కటే తీసి, కళ్లు మూసుకుని చెప్తారు.

"ఇది వాన వెలిశాక తడి గోనెసంచి. ఇది మా అమ్మ చీరల పెట్టె అడుగు. ఇదేమో... ఆగు, చిన్నప్పుడు మా నాన్న నన్ను భుజమ్మీద ఎక్కించుకుని ఏరు దాటాడే, ఆ నీళ్లు."

నేనూ కళ్లు మూసుకుంటాను. గది గోడలు మెల్లగా వెనక్కి జరిగిపోతాయి. నేనెప్పుడూ చూడని ఏరు ఒకటి నా కాళ్ల మీదుగా పారుతుంది. కిటికీలోంచి ఎండ వచ్చి అచ్చుల మీద వాలుతుంది. ఎంతసేపు అలా ఉంటామో తెలీదు. "చల్లారిపోతోందే, అచ్చుల్లో పొయ్యి!" అని అత్తయ్య కసిరితే గానీ తెలివిరాదు.

ఆవిడ ఎందుకు చెప్తున్నారు, నేనెందుకు వింటున్నాను అని మీకీపాటికి అనుమానం వచ్చే ఉంటుంది.

నాకు వాసన తెలియడం లేదండీ. మీరు వెళ్లిన వారానికి జ్వరం వచ్చిందని రాశాను కదా, అది తగ్గింది గానీ వాసనని వెంట తీసుకుపోయింది. మొదట జలుబనుకున్నాను. తర్వాత వెల్లుల్లి నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంటే, తడి కాగితం పెట్టుకున్నట్టుంది. ఎవరికీ చెప్పలేదు. చుక్కలు లెక్కపెట్టి కలిపేస్తే ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. చేపలకి తెలిసింది.

ఇంతకంటే పెద్దది చెప్పాలి. ఎరలు వెనక్కొచ్చాక ఓ రోజు, గిన్నె కరెంటు పొయ్యి మీద ఉంచి, వెనక్కి తిరిగి అచ్చులు తుడుస్తున్నాను. ప్లాస్టిక్ మాడి గదంతా పొగ కమ్మింది. కళ్లు మండేదాకా నాకు తెలియలేదు. అత్తయ్య ఆ మోకాళ్లతోనే పరిగెత్తుకొచ్చి స్విచ్చి ఆపి, నా రెక్క పట్టుకుని పెరట్లోకి ఈడ్చేశారు.

"చచ్చేదానివి కదే! నీ ముక్కు ఎవరికిచ్చి వచ్చావు?"

ఆ మాటకి భోరుమన్నాను. అంతా చెప్పేశాను. పొగ పోయాక ఆవిడ లోపలికెళ్లి సోంపు నూనె సీసా వాసన చూసి, "ఇదా కలిపావు? ముక్కిపోయి ఎన్నాళ్లయిందో!" అన్నారు. ముక్కిపోయిన నూనెనీ, ముక్కు పోయిన నన్నూ మార్చి మార్చి చూసి, ఆవిడే ముందు నవ్వారు.

డాక్టరు దగ్గరికి కూడా ఆవిడే తీసుకెళ్లారు. వాసన మళ్లీ రావచ్చట, రాకపోవచ్చట, నెలలు పట్టొచ్చట. మీకు రాయొద్దన్నది మాత్రం నేనే. ఉద్యోగం వదిలేసి వచ్చేస్తారని భయపడ్డాను. చెరువు గట్టున తొలిసారి కలిసినప్పుడు, మీ ఎర డబ్బా మూత తీయకుండానే లోపల ఏముందో చెప్పాననే కదా నా వెంటపడ్డారు. ఆ మనిషిని కానేమో ఇక అని కూడా భయపడ్డాను.

మొన్న తెల్లవారుతూనే కొత్త ఎరలు పట్టుకుని ఇద్దరం చెరువుకి వెళ్లాం. బాగా ఎండిన రొయ్యల పొడి, వెల్లుల్లి నూనె, రవ్వంత ఉప్పు. పాళ్లు అత్తయ్యవి, పోత నాది. నీటికీ ఆకాశానికీ మధ్య గీత కూడా కనపడని మంచు. గాలం దారం ఎక్కడ ములిగిందో తెలియదు, పాలలోకి వదిలినట్టుంది. గడ నేనే పట్టుకున్నాను. ఒక చిన్న తాకిడి. అత్తయ్య నా మోచెయ్యి పట్టుకుని ఊపిరి బిగబట్టారు. ఒకటి, రెండు, మూడు... చేప వదలలేదు.

"ఉమ్మలేదే! చూశావా, ఉమ్మలేదు!" అని అరిచారు, చెరువు చెరువంతా లేచేలాగ.

మర్నాడే కొట్టాయన ఉన్నవన్నీ పట్టుకుపోయాడు.

ఆ పొద్దున్న తిరిగొస్తూ దారిలో అడిగాను. "అత్తయ్యా, ఆయన వాసన ఎలా ఉంటుందో చెప్పరూ?"

ఆవిడ మంచుకి కొంగు తల మీదికి లాక్కున్నారు. తర్వాత, "పుట్టినప్పుడు పాల వాసన. బడికెళ్లేప్పుడు పలకా చెమటా. ఆ తర్వాతది నాకేం తెలుసే? అది నీ దగ్గరుండేది" అన్నారు.

ఎంత తలుచుకున్నా ఆ వాసన గుర్తుకు రావడం లేదండీ. ఓడ దిగి మీరొచ్చిన రోజు, గుమ్మంలో నేను కాసేపు తెలియనిదానిలా నిలబడిపోతే ఏమీ అనుకోకండి. దగ్గరికి మీరే రండి. వచ్చి, కాసేపు అలాగే ఉండండి.

ఇట్లు,
మీ రాక కోసం చూస్తూ,
మీ ఇల్లాలు